మా ఊరి నీళ్ళ మీద మా వాడి పలక

మీ ఇంటికి కొత్త ఫ్రిజ్జో టీవీయో వచ్చినప్పుడు పెట్టెలో పైనా కిందా పెట్టి పంపే థర్మాకోల్ దిమ్మెల్ని మీరేం చేస్తారు? పిల్లలు స్కూలు ప్రాజెక్టుకి అడిగితే ఇస్తారు. వినాయక చవితికి మంటపం కట్టిస్తారు. లేదంటే చెత్తబండిలో పడేస్తారు. మా ఇంట్లో అలా కుదరదు. మావారిది కొల్లాపూర్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. పొద్దున ఫ్రిజ్ అమ్ముడుపోతే సాయంత్రానికల్లా సోమశిల వైపు నుంచి చేపలు పట్టేవాళ్ళు ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. "సేటూ, అట్టపెట్టె మీరే ఉంచుకోండ్రి, గా థర్మాకోల్ మాకియ్యండ్రి" అని. నాలుగు దిమ్మెలు కలిపి, యూరియా సంచిలో దూర్చి, పాత వలతో బిగించి కడితే అదే తెప్ప. దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండు చేతుల్లో రెండు చెక్కముక్కలు పట్టుకుని నీళ్ళు తోసుకుంటూ కృష్ణలోకి వెళ్ళిపోతారు. చూస్తే నాకు కాళ్ళు వణుకుతాయి.

మా చిన్నవాడు అదే థర్మాకోల్‌తో మా ఇంటి వెనక పెరట్లో ఇంకొకటి చేశాడు. దాని పేరు వింగ్ ఫాయిల్ బోర్డు. నవ్వకండి, నేనూ మొదట నవ్వాను. తరవాత ఏడ్చాను, ఆ తరవాత గ్లవ్స్ తొడుక్కుని పనిలోకి దిగాను.

వాడు విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదివాడు. మూడో ఏడు నుంచీ ఆదివారాలు ఋషికొండ బీచిలో సర్ఫింగ్ నేర్చుకుంటున్నాడట. మాకు చెప్పలేదు. వాళ్ళ అక్క ఫోనులో ఫోటో చూపిస్తే తెలిసింది. సర్ఫింగ్ అంటే మీరు టీవీలో చూసే ఉంటారు, పొడుగాటి పలక మీద నిలబడి అల మీద జారుతూ ఒడ్డుకు రావడం. 2024 ఏప్రిల్‌లో చదువు అయిపోయి ఇంటికొచ్చాడు. ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ చేరే తేదీ ఇదిగో అదిగో అంటూ జరుపుతూ ఉంది. ఖాళీగా కూర్చున్న కుర్రాడి బుర్ర ఎటు పోతుందో మీకు తెలియనిదా!

మన శ్రీశైలం డ్యాము వెనక నీళ్ళలో అలలెక్కడివిరా అన్నాను. "అలలు అక్కర్లేదమ్మా, గాలుంటే చాలు" అన్నాడు. ఈ కొత్త ఆట 2019 ప్రాంతంలోనే బజారుకొచ్చిందట. పొట్టి పలక కింద మూడడుగుల లోపు నిలువు కడ్డీ ఉంటుంది. దాని చివర చిన్న విమానం రెక్కల్లాంటివి నీళ్ళలో ఉంటాయి. చేతిలో గాలి కొట్టిన గొడుగులాంటి రెక్క ఇంకొకటి. గాలి ఆ రెక్కను లాగితే పలక కదులుతుంది, వేగం అందగానే నీళ్ళలోని రెక్కలు మనిషితో సహా పలకను నీటి మీద నుంచి పైకి లేపేస్తాయి. ఆ కడ్డీ, రెక్కలూ, చేతి రెక్కా వాడి స్నేహితుడు పాతవి తక్కువలో ఇస్తానన్నాడు. పలక మాత్రం కొత్తది కొనాలంటే లక్ష దాకా అవుతుందని తేలింది. "నేనే చేసుకుంటా" అన్నాడు.

నా భయం ఏమిటో ఇక్కడే చెప్పాలి. మా పుట్టిల్లు ముంపు ఊరు. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు కోసం ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు నాకు ఏడేళ్ళు. సామాను ఎడ్లబండి మీద ఎక్కించడం, మా అమ్మ వెనక్కి వెళ్ళి రోలు కూడా వేయించుకోవడం గుర్తున్నాయి. ఇప్పుడు వీడు ఆడుకుంటానంటున్న నీళ్ళు ఆ ఊరి మీద నీళ్ళే. పైగా 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగిన రోజు ఈ ప్రాంతంలో ఏడవని ఇల్లు లేదు. మా అమ్మకి సంగతి చెబితే కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "పోయిన ఊరి మీద ఆటలేంది బిడ్డా" అంది. అంతే, ఇంకో మాట లేదు. మా అత్తమ్మ మాత్రం రోజుకు పది మాటలంది.

వాడు ఆగలేదు. దుకాణంలో మిగిలిన దిమ్మెలు అతికించి, కత్తితో చెక్కి, సాండ్ పేపర్‌తో రుద్ది నాలుగు రోజుల్లో ఒక ఆకారం తెచ్చాడు. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో మంచు కురిసింది. థర్మాకోల్ పూసలు ఊడిస్తే పోవు, చీపురుకే అంటుకుంటాయి. అత్తమ్మ చేటలో కందిపప్పు చెరుగుతుంటే అందులో తెల్లపూసలు. ఫ్యాను వేస్తే కూరలో పూసలు. మీ ఇంట్లో ఎవరైనా ఈ పని మొదలుపెడితే చెబుతున్నాను, పెరట్లో కూడా నేల తడిపి, తడిబట్టతో ఒత్తి తీయాలి, ఊడవకూడదు.

అయిదో రోజు ఫైబర్ గుడ్డ పరిచి దాని మీద రెజిన్ పోశాడు. వాటర్ ట్యాంకులు బాగుచేసేవాళ్ళు వాడే మామూలు రెజిన్, బజారులో దొరికింది తెచ్చాడు. పోసిన రెండు నిమిషాలకు పలక మధ్యలో గుంట పడింది. మరో నిమిషానికి గుంట గొయ్యి అయింది. చూస్తుండగానే వేడి పెనం మీద వెన్నముద్దలా లోపలికి కుంగిపోయి, కింద జిగురులాంటి ముద్ద మిగిలింది. ముక్కులు పగిలే వాసన. వాడు మాట్లాడలేదు. రాత్రి అన్నం తినలేదు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. లోపల ఏదో మూల "పీడా పోయింది" అనిపించిన మాట కూడా నిజమే, మీ దగ్గర దాచడం దేనికి?

కారణం మర్నాడు వాడే వెతికి చెప్పాడు. థర్మాకోల్ తయారయ్యేది స్టైరీన్ అనే పదార్థంతో. ఆ చవకరకం రెజిన్, పాలియెస్టర్ అంటారు, అది పల్చగా ఉండడానికి కలిపేదీ స్టైరీనే. పంచదార నీళ్ళలో కరిగినట్టు థర్మాకోల్ అందులో కరిగిపోతుంది. పెట్రోలు పోసినా, పెయింట్లలో వాడే థిన్నర్ తగిలినా, చాలా రకాల స్ప్రే రంగులు కొట్టినా ఇదే గతి. థర్మాకోల్ మీద పనికొచ్చేది ఎపాక్సీ రెజిన్. ధర మూడింతలు.

ఈ పొరపాటు మా వాడితో మొదలైంది కాదు. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన బాబ్ సిమ్మన్స్ అనే ఆయన 1949లోనే థర్మాకోల్‌లాంటి నురుగు దిమ్మెతో సర్ఫ్‌బోర్డులు చేశాడు. రెజిన్ తగిలితే కరిగిపోతోందని ఆ దిమ్మెని ప్లైవుడ్ పలకల మధ్య మూసేసి అప్పుడు పైన రెజిన్ పూశాడు. 1958 ప్రాంతంలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ అనే ఇద్దరు కరగని మరోరకం నురుగు, పాలీయురెథేన్, పోతపోసి బోర్డులు చేయడం నిలబెట్టారు. ఆ క్లార్క్ ఫ్యాక్టరీ 2005 డిసెంబరులో ఉన్నట్టుండి మూతపడితే బోర్డులు చేసేవాళ్ళందరికీ దిమ్మెలు కరువై, చాలామంది మళ్ళీ థర్మాకోల్, ఎపాక్సీల వైపు చూశారు. వీడు ఇవన్నీ ఉత్సాహంగా చెబుతుంటే, ఆ సిమ్మన్స్ ఇప్పుడేం చేస్తున్నాడురా అనడిగాను. వాడు కాస్త నసిగి, 1954లో సర్ఫింగ్ చేస్తూనే చనిపోయాడని చెప్పాడు. ఇక ఆ రోజు మా ఇంట్లో బోర్డు మాట ఎవరూ ఎత్తలేదు.

మే నెలలో నేనే వాణ్ణి తీసుకుని మా ఊరు చూపించడానికి వెళ్ళాను. ఆ ఏడు నీళ్ళు బాగా తగ్గిపోయాయి. ఎండాకాలం నీళ్ళు తీస్తే పాత ఊళ్ళ గోడలు, బావులు, గుడి మెట్లు బయటపడతాయి. అవతల సంగమేశ్వరం గుడి బయటపడేదీ అప్పుడే. పగుళ్ళు తేలిన ఒండ్రు మీద నడుచుకుంటూ వెళితే మోకాటి ఎత్తున రాతిగోడలు వరసగా కనిపించాయి. మా ఇల్లు నేను గుర్తుపట్టలేదు. మాతో వచ్చిన ముసలి జాలరి తాత "గిదే మీ ఇల్లుండె" అని చూపించాడు. మా వాడు ఆ గోడ చుట్టూ తిరిగి, ఎత్తు కొలిచి, "అమ్మా, కడ్డీ నీళ్ళలోకి డెబ్బై అయిదు సెంటీమీటర్లు దిగుతుంది. నీళ్ళు సగం నిండినప్పుడు ఇక్కడికొస్తే ఈ గోడే తగులుతుంది" అన్నాడు. తాత నవ్వి, "నిండ నిండినంక రా బిడ్డా, అప్పుడు గోడలు పాతాళంల ఉంటయి. నిండేటప్పుడే ఖరాబు, తుమ్మచెట్లు గూడ కనవడయి" అన్నాడు.

వాడు భయపడడం చూసి నాకు ధైర్యం వచ్చింది. భయం తెలిసినవాడికి జాగ్రత్త చెప్పొచ్చు. అక్కడే ఒట్టు వేయించుకున్నాను. లైఫ్ జాకెట్ లేకుండా దిగకూడదు. నీళ్ళు నిండేదాకా ఆగాలి. ఒడ్డున తాత తన పుట్టితో ఉండాలి. చేపల సంఘం వాళ్ళని ముందు అడగాలి. అన్నిటికీ ఒప్పుకున్నాడు. అయితే ఈసారి పలక నేను చెప్పినట్టు చేద్దాం అన్నాను.

నాకేం తెలుసు అంటారా? పాతికేళ్ళుగా రవికలు కుడుతున్నాను! వాడు మొదటి పలకకు రెండు పక్కలూ విడివిడిగా గీశాడు. అందుకే ఎడమ పక్క లావు, కుడి పక్క సన్నం. నేను పాత పేపర్లు అతికించి, నిలువునా మడిచి, సగమే గీయించి కత్తిరించాను. విప్పితే రెండు పక్కలూ ఒక్కలా వచ్చాయి. ఫారిన్‌లో పేరుమోసిన పనివాళ్ళూ సగం నమూనాతోనే గీసి తిప్పి వేస్తారట. మన టైలర్లకి చెప్పాలా?

కొలతలు ఎలా వేశామో చెబుతాను. ఖాళీ బిందెని నిండు తొట్టిలోకి బోర్లించకుండా నిలువుగా నొక్కి చూడండి. ఎదురు తంతుంది కదా? పన్నెండు లీటర్లు పట్టే బిందెని అంచుదాకా ముంచడానికి, బిందె బరువు కాక ఇంచుమించు పన్నెండు కిలోల బలం కావాలి. పలక లెక్కా అంతే. మా వాడి బరువు 65 కిలోలు. నేర్చుకునేవాళ్ళకి ఒంటి బరువు కంటే ఓ ముప్ఫయ్ నలభై లీటర్లు ఎక్కువ ఉండాలి. అంటే ఈ పలక వంద లీటర్ల చోటు ఆక్రమించాలి. అయిదున్నర అడుగుల పొడవు, 27 అంగుళాల వెడల్పు, మధ్యలో అయిదంగుళాల మందం, అంచులు గుండ్రంగా తీస్తే సరిగ్గా అంత వచ్చింది. దిమ్మె ఈసారి హైదరాబాద్ నుంచి తెప్పించాం. కోల్డ్ స్టోరేజీ గోడలకి వాడే గట్టిరకం, పూసలు దగ్గరగా ఉంటాయి. అంత పెద్ద పలక చెక్కాక రెండు కిలోల చిల్లర తూగింది. వాకిట్లో ఎత్తి చూసి అత్తమ్మ, "గిది మనిషిని మోస్తదా?" అని ఆశ్చర్యపోయింది.

కత్తితో కోస్తే పూసలు రాలతాయని మావారు నైక్రోమ్ తీగని చెక్కవిల్లుకి బిగించి, ట్రాన్స్‌ఫార్మర్‌తో కొద్దిపాటి కరెంటు ఇచ్చి వేడెక్కించారు. నెయ్యి కోసినట్టు కోసింది. ఇది మీరు ఇంట్లో ప్లగ్గులో పెట్టి చేసేది కాదు సుమా. కరెంటు పని తెలిసినవాళ్ళే చేయాలి. పొగ పీల్చకూడదు, ఆరుబయటే చేయాలి. పూసల మధ్య సందులు గోడలకు పెట్టే పుట్టీతో పూడ్చాం. తాత చూసి "పుట్టికి పుట్టీ పెడ్తున్నరా" అని ఒకటే నవ్వు.

కడ్డీ బిగించే చోటుకే బరువంతా పడుతుంది. అక్కడ ఉత్త థర్మాకోల్ ఉంటే మొదటి రోజే ఊడి వస్తుంది. గుంట తీసి టేకు చెక్క దిమ్మ ఎపాక్సీతో దించి, దాంట్లో రెండు పట్టాలు బిగించారు. రెండిటి మధ్య 90 మిల్లీమీటర్లు ఉండాలి. ఏ కంపెనీ కడ్డీ అయినా ఆ కొలతకే సరిపోయేలా చేస్తారట. ఆ చుట్టూ గుడ్డ నాలుగు మడతలు.

ఇప్పుడు ఎపాక్సీ. ఇది కలపడం దగ్గరే మనవాళ్ళు చాలామంది పాడుచేస్తారు. మొదటి రెజిన్‌కి గట్టిపడే మందు వందకి ఒకటి రెండు పాళ్ళు చాలు, పాలకు తోడు వేసినట్టు. వేడిని బట్టి కాస్త అటూ ఇటూ అయినా పేరుకుంటుంది. ఎపాక్సీ అలా కాదు. అది పాకం లాంటిది, కొలత తప్పితే జీవితంలో కుదరదు. మేం తెచ్చినదానికి రెండు పాళ్ళ రెజిన్‌కి ఒక పాలు హార్డెనర్, తూకం ప్రకారం. కంపెనీని బట్టి మారుతుంది, డబ్బా మీద చదువుకోవాలి. తొందరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎన్నాళ్ళున్నా జిగురుగానే ఉండిపోతుంది. వంటింటి తూకం మిషను ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇచ్చాను. ఒకసారి కలిపిన మగ్గు అలాగే పక్కన పెట్టి ఫోను ఎత్తాడు. వచ్చేసరికి మగ్గు పొగలు కక్కుతోంది! లోతైన పాత్రలో ఉంటే దాని వేడికి అదే ఉడికిపోతుందట. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్ళెంలో ఒంపేయాలి. మన ఎండల్లో మరీను.

గుడ్డ పరచడం నా పని. గాజు దారంతో నేసిన తెల్లటి గుడ్డ, పట్టులా జారుతుంది. పలక అంచు దాటి రెండు మూడు అంగుళాలు వదిలి కత్తిరించి, ముక్కు దగ్గరా తోక దగ్గరా వంపుల్లో గాట్లు పెట్టాను. రవిక చంక దగ్గర కుట్టు తిరగడానికి గాట్లు పెడతామే, అదే. గాట్లు లేకపోతే మడతలు పడి లోపల గాలి నిలుస్తుంది. రెజిన్ మధ్యలో పోసి, రబ్బరు పలకతో దోసె తిప్పినట్టు మధ్య నుంచి అంచులకు లాగాలి. ఎక్కువైతే బరువు. తక్కువైతే గుడ్డ తెల్లగా కనిపిస్తుంది. తడిసిన చోట గుడ్డ మాయమై పలక కనిపిస్తే సరిగ్గా పట్టినట్టు. ముందు అడుగు పక్క, అది గట్టిపడ్డాక తిరగేసి పై పక్క. కాళ్ళు ఆనేచోట మూడు పొరలు.

అడుగు పక్క పొద్దున ఆరింటికి వేశాం, చల్లగా ఉంటుందని. అదే తప్పు. పది గంటలకల్లా ఎండ ఎక్కింది. థర్మాకోల్ లోపలి గాలి వ్యాకోచించి, ఇంకా ఆరని రెజిన్‌లోంచి బుడగలు బుడగలుగా పైకొచ్చింది. ఆరాక చూస్తే సూదితో పొడిచినట్టు వందల బెజ్జాలు. మరి ఎప్పుడు వేయాలి? పొద్దు వాలాక, వేడి తగ్గుతున్నప్పుడు. అప్పుడు లోపలి గాలి చల్లబడి ముడుచుకుని రెజిన్‌ని తనే లోపలికి పీల్చుకుంటుంది. పై పక్క సాయంత్రం ఆరున్నరకి మొదలుపెట్టి, లైటు పెట్టుకుని రాత్రి తొమ్మిదికి ముగించాం. ఒక్క బెజ్జం లేదు. మామిడికాయలు ముక్కలు కోసి పెట్టుకుని ఆవకాయ కలపాల్సిన రోజు అది. ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయ ఒకరోజు ఆలస్యమైంది.

అడుగు బెజ్జాలకు ఇంకో పూత వేసి, పలకను తూచి, రాత్రంతా మేడ మీద నీళ్ళ తొట్టిలో రాళ్ళు పెట్టి అదిమి ఉంచాం. పొద్దున తుడిచి తూస్తే మూడొందల గ్రాములు ఎక్కువ. అంటే ఎక్కడో నీళ్ళు తాగుతోంది. వారం ఎండబెట్టి, సబ్బునీళ్ళు పూసి వెతికితే తోక దగ్గర ఆవగింజంత బెజ్జం. ఆ సబ్బునీళ్ళ పని ఇంకోటి కూడా చేస్తుంది. ఎపాక్సీ ఆరాక గాలిలో తేమ ఉంటే పైన నూనెజిడ్డులాంటిది చేరుతుంది. అది కడగకుండా మళ్ళీ పూత వేస్తే పెచ్చులూడుతుంది.

తరవాత అంతా రుద్దుడే. ముందు గరుకు కాయితం, తరవాత నీళ్ళు చల్లుతూ సన్నకాయితం, 220, ఆపైన 400. గాజుపొడి ముక్కులోకి పోకుండా మాస్కు, నిండుచేతుల చొక్కా. నేను ఒకరోజు గ్లవ్స్ పైన మణికట్టు దగ్గర వదిలేస్తే రాత్రంతా దురద. చన్నీళ్ళతోనే కడగాలి. ఎపాక్సీ ఒంటికి తగలనివ్వకండి, కొందరికి ఒకసారి పడకపోతే ఇక ఎప్పటికీ పడదు. రంగు దగ్గర వాడు నలుపు అన్నాడు, నేను తెలుపు అన్నాను. నా మాటే నెగ్గింది, నా గొప్ప కాదు. నల్లపలక మన ఎండలో ఉంటే లోపలి గాలి ఉబ్బి పైపొర లేచిపోతుంది. అందుకే గాలి పోవడానికి చిన్న మరసీల కూడా పెట్టారు.

హవాయి దీవుల్లో పూర్వం చెట్టు మానుతో పలకలు చేసి, గరుకు పగడపు రాళ్ళతో రుద్ది, కుకుయి గింజలు కాల్చిన మసితో నల్లరంగు వేసి, ఆ గింజల నూనె పట్టించేవారట. వాడుకున్నాక ఎండలో ఆరబెట్టి మళ్ళీ కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టి దాచేవారు. అక్కడ ఆడవాళ్ళూ అలల మీద ఆడేవారు. ఈ మాట మా అత్తమ్మకు నచ్చింది. "నూనె రాసి దాసుకున్నరా, మంచిగుంది" అంది.

జూలై నెలాఖరుకి శ్రీశైలం గేట్లు ఎత్తారు. ఆగస్టులో ఒక ఆదివారం సోమశిల దాటి, సందడి లేని ఒడ్డుకు వెళ్ళాం. నిండుగా ఉంది కృష్ణ. మా ఊరు ఎక్కడో అడుగున. మా అమ్మ రానంది, కానీ పొద్దున్నే వాడి జేబులో పసుపు కట్టిన మూట పెట్టింది. తాత పుట్టి వేసుకుని ముందే నీళ్ళలో ఉన్నాడు. వెదురు బుట్ట అల్లి, ఒకప్పుడు తోలు కప్పేవారట, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తారు. బుట్ట, పైన చర్మం, దాని మీద పూత. మేం రెండు నెలలు చేసిందీ అదే కదా అనిపించింది ఒడ్డున కూర్చుంటే.

వాడు మోకాళ్ళ మీద లేచాడు, పడ్డాడు. నిలబడ్డాడు, పడ్డాడు. ఎన్నిసార్లని లెక్కపెట్టను? పడ్డ ప్రతిసారీ ఎర్ర జాకెట్ నీళ్ళ పైకి తేలేదాకా నా ఊపిరి ఆగేది. మధ్యాహ్నం గాలి పెరిగింది. ఒకసారి పలక అడుగు నీళ్ళ నుంచి ఊడినట్టు లేచింది. చప్పుడు పోయింది. నీళ్ళకు జానెడు పైన, నిశ్శబ్దంగా, ఓ యాభై గజాలు పోయాడు. తరవాత దభీమని పడ్డాడు. తాత పుట్టిలో లేచి నిలబడి ఈల వేశాడు. ఇంటికొచ్చి తూస్తే ఏడు కిలోల రెండొందలు. పొద్దున ఎంతో అంతే. చుక్క నీరు తాగలేదు.

ఖర్చు చెబుతానన్నాను కదా, చెప్పలేదు. పాడైన మొదటి పలక కాకుండా పన్నెండు వేలు దాటింది. మావారు ఇప్పటికీ వేళ్ళు మడిచి లెక్కపెడతారు.

ఎపాక్సీ ఇంకా కిలోకి పైగా, గుడ్డ మూడు మీటర్లు మిగిలాయి. తాత కోడలు మా పలకను చేత్తో నిమిరి, "అక్కా, మా తెప్పకు గిట్ల పూయొచ్చునా? రెండు నెలలకే పొడి పొడయితది, పూసలన్ని నీళ్ళల్లనే పోతున్నయి, చేపల కడుపులల్ల గూడ వస్తున్నయి" అంది. విశాఖలో జాలరిపేట వైపు లోపల థర్మాకోల్, పైన ఫైబర్ ఉన్న తెప్పలు చూశానని మా వాడు అన్నాడు. సెప్టెంబరులో ఒక సాయంత్రం, పొద్దు వాలాక, ఆమె గుడ్డ పట్టుకుంటే నేను గాట్లు పెట్టాను. మెత్తటి ఫ్రిజ్ దిమ్మెలకి ఒక్క పొర సరిపోదని రెండు వేశాం. కూర్చునే చోట మా వాడు ఇసుక చల్లాడు, జారకుండా. ఆ తెప్ప ఆ చలికాలమంతా నడిచింది, వేసవికి ఒక మూల చిట్లితే ఆమే అతుకు వేసుకుంది. ఇప్పుడు సంఘంలో ఇంకో నలుగురు అడుగుతున్నారు. రెజిన్ ధర విని ఆగిపోతున్నారు. నలుగురూ కలిసి పెద్ద డబ్బా కొనుక్కుంటే చవక పడుతుందని మావారు చెప్పి చూస్తున్నారు.

మా వాడు ఉద్యోగంలో చేరాడు. పలక మేడ మీద గదిలో పాత దుప్పట్లో చుట్టి ఉంది, వానాకాలం సెలవు పెట్టి వస్తానంటాడు. ఆ తూకం మిషనూ, కొలత మగ్గూ, పళ్ళెమూ మాత్రం దాని పక్కనే పెట్టించాను. వంటింటికి అత్తమ్మ వేరే కొనిపించింది.